నాయకత్వం ఎవరి వారసత్వం?

‘ఆయన రక్తంలోనే నాయకత్వం ఉంది’ అనే మాట మన ఊళ్లలో, పార్టీ కార్యాలయాల్లో తరచూ వినిపిస్తుంది. పొగడ్తలా కనిపించే ఈ మాటకు రెండో ముఖం ఉంది. కొందరి రక్తంలో ఉందంటే మిగిలినవారి రక్తంలో లేదని అర్థం. పుట్టుకను బట్టి పనిని, పనిని బట్టి గౌరవాన్ని నిర్ణయించిన కులవ్యవస్థ తర్కమే ఇది. నాయకత్వం పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా అన్న ప్రశ్నను రాజనీతిశాస్త్రం బోధించే నేను మనస్తత్వ శాస్త్రానికి వదిలేయలేకపోవడానికి కారణం అదే.

చొరవ, జ్ఞాపకశక్తి, వాగ్ధాటి అందరిలో సమానంగా ఉండవు. నిజమే. కానీ అవి కులాలవారీగా పంపిణీ కాలేదు. కులాలవారీగా పంపిణీ అయింది అభ్యాసం. మునసబు ఇంటి పిల్లవాడు అరుగు మీద తగాదాలు తీరడం చూస్తూ పెరిగాడు. అధికారితో ఎలా మాట్లాడాలో అడగకుండానే నేర్చుకున్నాడు. గ్రామ పదవులను వారసత్వంగా కట్టబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960లో తేల్చింది. మునసబు, కరణం పదవులే 1984లో రద్దయ్యాయి. పదవులు పోయినా ఆ ఇళ్లలో పోగుపడిన శిక్షణ పోలేదు. దానినే మనం సహజ ప్రతిభ అంటున్నాం.

ఆ అరుగులు ఎక్కనివ్వని కులాలు తమ శిక్షణాలయాలను తామే కట్టుకున్నాయి. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలిని స్థాపించారు. అంబేడ్కర్ 1927లో మహద్ చెరువు వద్దకు వేలమందిని నడిపించడానికి ముందు, 1924లోనే బహిష్కృత హితకారిణి సభను నిర్మించారు. దామోదరం సంజీవయ్య 38 ఏళ్లకే 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే ఆయనకు మంత్రిగా పనిచేసిన అనుభవం ఉంది.

అయితే శిక్షణా తరగతులు పెడితే చాలదు. ఒడ్డున కూర్చోబెట్టి ఎవరికీ ఈత నేర్పలేం. 73వ రాజ్యాంగ సవరణ దళితులను, ఆదివాసులను, మహిళలను నేరుగా నీటిలోకి దింపింది. పశ్చిమ బెంగాల్ పంచాయతీలపై లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో తదితరుల అధ్యయనం 2009లో వెలువడింది. వరుసగా రెండు విడతలు మహిళలకు రిజర్వయిన చోట, ఆ తర్వాత రిజర్వేషన్ లేకున్నా మహిళలు పోటీచేసి గెలిచే అవకాశం పెరిగిందని అది చూపింది. అధికారం చేపట్టినవారు నేర్చుకున్నారు. చూసిన ఊరూ నేర్చుకుంది.

మరి మనం చేస్తున్నదేమిటి? తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్, ఉపసర్పంచ్‌లకు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. రెండో సంతకం ఊరిపెద్దల గుప్పిట్లో ఉన్నచోట దళిత సర్పంచ్ నిర్ణయం కాగితం దాటదు. పని అర్థమయ్యే వేళకు రిజర్వేషన్ మారి కుర్చీ చేజారుతుంది. ఆపైన ‘వాళ్లకు చేతకాదు’ అనే తీర్పు సిద్ధంగా ఉంటుంది. విశ్వవిద్యాలయాల్లోనూ ఇంతే. తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర ప్రభుత్వ వర్సిటీల్లో దశాబ్దాలుగా విద్యార్థి సంఘాల ఎన్నికలు లేవు. ఇంట్లో రాజకీయం నేర్చుకోగలిగినవారికి దానివల్ల నష్టం లేదు. నష్టమంతా మొదటితరం విద్యార్థిదే.

కనుక విద్యార్థి ఎన్నికలు తిరిగి రావాలి. రిజర్వుడు సర్పంచ్ సంతకానికి పూర్తి విలువ ఉండాలి. ఒకే కులానికి కనీసం రెండు విడతలు స్థానం కొనసాగాలి. నేర్చుకునే చోట్లన్నీ మూసేసి, నేర్చుకోలేదని నిందించడం న్యాయం కాదు.