పైపిన్ను ఎందుకు పొడుగో తెలుగులో చెప్పండి

భారతీయ ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

కశింకోట నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాస్తున్నది.

మీ సంస్థ పేరు మార్చుకుని ఇన్నేళ్లయినా మా ఇళ్లలో మీరు ఇంకా ఐఎస్ఐ ముద్రే. ఇస్త్రీపెట్టె కొన్నా, స్విచ్చు కొన్నా ముందు ఆ గుర్తు కోసమే తిప్పి చూస్తాం. ఆ గుర్తున్న ప్లగ్గుకు ఇంటికొచ్చాక ఏ గతి పడుతుందో చెబుదామని ఈ ఉత్తరం.

మా నాన్నగారి రికార్డు ప్లేయరు అటక మీద చాన్నాళ్లు పడి ఉంటే కిందటేడు దించి బాగు చేయించాను. కొత్త ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొన్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ రికార్డు పెట్టి కుర్చీలో వెనక్కి వాలాను. కమాను తీగను తాకకముందే స్పీకర్లలోంచి గుంయ్‌మని మొదలైంది, శ్రుతి కలపని తంబురాను ఎవరో విడవకుండా మీటుతున్నట్టు. పాట జోరుగా సాగుతున్నప్పుడు దాని ఉనికి తెలీదు. ఆయన కమాను ఆపినచోట వచ్చి కూర్చుంటుంది. ఆయన వాయిద్యంలో నాకిష్టమైనవి ఆ విరామాలే.

కరెంటు పని చేసే కుర్రాణ్ని పిలిచాను. విన్నాడు. "ఏటండి మాస్టారూ, దీనికింత ఆలోచనేటి? పైపిన్ను ఇరిసేస్తే పోద్ది" అని కటింగ్ ప్లయరు పెట్టి పుటుక్కుమనిపించాడు. వచ్చిన చిక్కేమిటంటే, గుంయ్ నిజంగానే పోయింది. డబ్బులు కూడా పుచ్చుకోలేదు పాపం.

మూడు వారాలకు ఓ సాయంత్రం స్నానం చేసి, తడి చేత్తోనే వాల్యూమ్ తిప్పబోయాను. వేళ్లు జివ్వుమన్నాయి. టెస్టరు ఆనిస్తే ఆంప్లిఫయరు రేకు మీదే లైటు వెలిగింది. కరెంటు పెట్టెల్లో చెత్త శబ్దాలు వడకట్టేందుకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిగుండా రవ్వంత కరెంటు ఎప్పుడూ రేకులోకి దిగుతూనే ఉంటుంది. పైపిన్ను ద్వారా ఎర్తు ఉంటే అది నేలలోకి జారిపోతుంది, దారి తెగితే పెట్టె ఒంటి మీదే నిలుస్తుంది. చురుక్కుమనడంతో సరిపోతే అదృష్టమే. లోపల ఫేజు వైరు ఒరుసుకుపోయి రేకుకు తగిలిన రోజున ఎగరాల్సిన ఫ్యూజు ఎగరదు, నేను ఎగురుతాను.

మర్నాడే ప్లగ్గు మార్చాను, గుంయ్ తిరిగొచ్చింది. ఈసారి లెక్క చేసినట్టే చేశాను. వెనకనున్న వైర్లన్నీ పీకితే నిశ్శబ్దం. అంటే ఆంప్లిఫయరు తప్పు కాదు. ఒక్కొక్కటే తగిలిస్తూ వచ్చాను. రికార్డు ప్లేయరు తగిలిస్తే సన్నగా మొదలైంది. దాని వెనకనుంచి వెంట్రుకలాంటి పచ్చవైరు ఒకటి ఆంప్లిఫయరు మీది చిన్న మరకు రావాలి. ఆ మర తుప్పు పట్టి వదులై ఉంది. ముల్లు నుంచి వచ్చే సంకేతం నాలుగైదు మిల్లీవోల్టులే కనక అక్కడ ఏ చిన్న లోపమైనా కొండంతవుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాను. సెట్‌టాప్ బాక్సు తగిలిస్తే మళ్లీ గట్టిగా గుంయ్. గోడలోంచి వచ్చే కేబుల్ వైరు ఊడదీయగానే ఠక్కున ఆగింది. దొంగ దొరికాడు.

కేబుల్ వైరు పైతొడుగు వీధిలో ఇంకెక్కడో నేలను తాకుతోంది. మా ఆంప్లిఫయరు పెరట్లో కరివేపాకు చెట్టు పక్కనున్న ఎర్తు గొయ్యిని తాకుతోంది. రెండు నేలల మధ్య కాస్త వోల్టేజీ తేడా చాలు, సెకనుకు 50 సార్లు ఊగే మన కరెంటు సెట్‌టాప్ బాక్సు నుంచి ఆంప్లిఫయరుకు వచ్చే పాట వైరు తొడుగుగుండా రాకపోకలు మొదలెడుతుంది. మనం వినేది ఆ రాకపోకలే. దానికి మందు ఎర్తు తెంచడం కాదు, ఆ రెండో దారిని తెంచడం. అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డుకు చేర్చాను. సెట్‌టాప్ బాక్సుకూ ఆంప్లిఫయరుకూ మధ్య అగ్గిపెట్టెంత ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను. అందులో రెండు చుట్లు ఒకదాన్నొకటి తాకవు, పాట మాత్రం దాటుతుంది. పిన్ను చోట పిన్నుంది, నాయుడుగారు ఆగినచోట ఏమీ లేదు.

నా ఒక్కడి వయొలిన్ గొడవైతే మీ దాకా తెచ్చేవాణ్ని కాదు. కొత్త అమావాస్యతో మా వైపు జాతరలు మొదలవుతాయి. మైకుసెట్లు గుంయ్‌మంటే అక్కడా పిన్ను విరవడమే చిట్కా. తడినేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఇనప మైకు పట్టుకునే హరికథ భాగవతారును తలుచుకుంటే భయమేస్తుంది. స్కాట్లాండుకు చెందిన గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న స్వాన్సీలో వేదిక మీద, ఎర్తు లేని మైకును తాకి చనిపోయాడు. అంత పెద్ద బ్యాండు మనిషికే తప్పలేదు.

ఎర్తింగుకు మీ ఐఎస్ 3043 ఉంది, 2018లో సవరించారు కూడా. పైపు ఎన్ని మీటర్లు దించాలో, పలక ఎంత మందముండాలో అన్నీ చెబుతుంది. కానీ పిన్ను విరిచిన కుర్రాడికి అది అందే రూపంలో లేదు. వాడికి కావలసింది తెలుగులో ఒక్క పేజీ. ఏ వైరు పీకి చూడాలి, ఏది పీకకూడదు, అంతే. కరెంటు సామాన్ల కొట్టు గోడకు అతికించుకునేట్టు బొమ్మలతో వేయించండి. ఐటీఐల్లో పంచండి. ప్లగ్గు పొట్లం మీద కూడా ఒక తెలుగు ముక్క పడితే మరీ మంచిది. ఎర్తు తగలని టూపిన్ కన్వర్టర్లు బజారులో పల్లీల్లా అమ్ముతున్నారు, వాటి సంగతీ కాస్త చూడండి.

విరిగిన పిన్ను ఈ కవరులో పెట్టాను. మిగతా రెండింటికన్నా లావు, పొడుగు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలనీ, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలనీ అలా చేశారని నాకు ఈ వయసులో తెలిసింది. ఆ పేజీ వేయిస్తే మొదటి వాక్యంగా దాన్నే పెట్టించండి. అచ్చు తప్పులు దిద్దే పని నాకు పంపినా చేసిపెడతాను, ఖాళీగానే ఉన్నాను.

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల మాస్టారు,
కశింకోట, అనకాపల్లి జిల్లా