కెమెరా ఒక్కటీ కొంటే సరిపోదు!

తొలకరి పడిందంటే చాలు... అనంతగిరి గుట్టలు ఎక్కేవాళ్ల చేతుల్లో కెమెరాలే కెమెరాలు. అటు తాండూరులో ముహూర్తాలు మొదలైతే వీడియో తీసేవాళ్లకు తీరికే ఉండదు. 'మనమూ ఓ కెమెరా కొని ఈ పని మొదలుపెడితే..!' అని కుర్రకారుకు అనిపించడం సహజమే. చిక్కల్లా ఒక్కటే. దాచుకున్న డబ్బంతా కెమెరాకే పోసి, మిగతావాటి దగ్గర చేతులెత్తేయడం!

ఏ లెన్సు?

కెమెరాతోపాటు వచ్చే 18-55 ఎంఎం లెన్సును చిన్నచూపు చూడొద్దు. 18 దగ్గర పెడితే పెళ్లిపందిరి మొత్తం వస్తుంది, 55 దగ్గర పెళ్లికూతురి ముఖం నిండుగా కనిపిస్తుంది. కొన్నాళ్లు దాంతోనే తీస్తే, మీకు ఏ అంకెతో ఎక్కువ పనో తెలుస్తుంది. దాన్నిబట్టే రెండో లెన్సు.

మసక వెలుతురులో తీయాలంటే 50 ఎంఎం, ఎఫ్/1.8 మంచి ఎంపిక. ఎఫ్/5.6తో పోలిస్తే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. ధరా తక్కువే. కాకపోతే చిన్న సెన్సార్ ఉన్న కెమెరాలో అది 75-80 ఎంఎంలా దగ్గరగా చూపిస్తుంది. ఇరుకు గదిలో గోడకు ఆనుకుని తీసినా నలుగురు పట్టరు. ఇళ్లలో తీసేవాళ్లకు 35 ఎంఎం మేలు.

ఎండకు నల్లద్దాలు

తాండూరు నాపరాళ్ల గనుల్లో మధ్యాహ్నం ఎండకు కళ్లే మిరుమిట్లు గొలుపుతాయి. సెకనుకు 25 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ వేగం 1/50 ఉంటే కదలిక సహజంగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల మినుకుమినుకులూ తగ్గుతాయి. ఆ వేగం మార్చకుండా ఎండను తగ్గించేదే ఎన్‌డీ ఫిల్టర్. లెన్సు మీద సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు పక్కన అంకె చూసి, అదే కొలతది కొనాలి.

రాతిపొడి లేచేచోట మాత్రం లెన్సు మార్చొద్దు. దుమ్మును నోటితో ఊదకుండా బ్లోయర్ వాడాలి. వానలో తిరిగొచ్చాక కెమెరాను ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టాలి. లేదంటే లెన్సులో బూజు పడుతుంది.

మాట వినపడాలిగా!

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు. మాట వినపడకపోతే మాత్రం కట్టేస్తారు. అందుకే కాలర్ మైకు, గుట్ట మీద గాలిరొద ఆపడానికి దానికి బొచ్చు తొడుగు తప్పనిసరి. కెమెరా కొనేముందే మైకు పెట్టుకునే రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

కార్డు మీద 'వీ30' అని ఉండాలి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే 64 జీబీ కార్డు సుమారు 85 నిమిషాలకే నిండిపోతుంది. కాబట్టి రెండు కార్డులు, రెండు బ్యాటరీలు ఉండాల్సిందే.

అందుకే ముందు మైకు, అదనపు బ్యాటరీ, కార్డు, గట్టి స్టాండు. ఆ తర్వాతే రెండో లెన్సు. సినిమా షూటింగయితే మరో టేక్ తీసుకోవచ్చు. బ్యాటరీ అయిపోయిందని తాళి మళ్లీ కట్టమనలేం కదా!