బొంత కూలి ఎంత?

పోయిన నెల పాత టవల్‌లతోని కాళ్ళు తుడుచుకునే పట్టలు కుట్టే తీరు రాసిన. అది చదివి దత్తనగర్ నుంచి ఒక చెల్లె చిట్టీ పంపింది. "అక్కా, పట్టలు మంచిగనే వచ్చినయి. మా అత్త కట్టిన చీరలు గంప నిండ ఉన్నయి, పారేయ మనసొప్పుతలేదు, బొంత గురించి రాయి" అని. సరే, ఈ నెల బొంత. రాద్దామని కూసునే లోపల బొంత కూలి సంగతి ఒకటి మా గల్లిలకు వచ్చి పడ్డది. అది కూడ రాస్త. ముందు గుడ్డ గురించి.

మనం బొంత అంటం. మరాఠీ వాళ్ళు గోధడి అంటరు, వాళ్ళల్లోనే పల్లెల నుంచి వచ్చినోళ్ళు వాకళ అంటరు. అక్కల్‌కోట్ దిక్కు కన్నడం మాట్లాడేటోళ్ళు కౌది అంటరు. సోలాపూర్‌ల మూడు భాషలోళ్ళం ఒక్క నల్ల దగ్గర నీళ్ళు పట్టుకుంటం కాబట్టి ఒకరి కుట్టు ఒకరం చూసి నేర్చుకున్నం. కర్ణాటకల హళియాళ్, యల్లాపుర దిక్కు సిద్దీలని ఉంటరు, వాళ్ళ ఆడోళ్ళు బొంతను అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుకుంట నడుమకు వస్తరు. నాలుగు మూలలకు గుడ్డ మడిచి పువ్వులు పెడతరు. మనది అట్ల కాదు, ఈ కొస నుంచి ఆ కొసకు సీదా గీతలు. మగ్గం మీద బతికినోళ్ళం గద, మన కంటికి సీదా గీతనే అందం.

చెల్లె, నీ గంపల చీరలను ముందు వేరు చెయ్యి. ఎండకు పట్టి చూస్తే ఎక్కడ పలచబడ్డదో తెలుస్తది. పలచబడ్డ చీర పనికిరాదనుకోకు, అది లోపలి మడతకు పోతది. గట్టిగ ఉన్నది పైకి. మన అవ్వలు గోచి పోసి కట్టిన 9 గజాల నూలు చీర ఉంటే ఇంకేం కావాలె? 9 గజాలంటే 27 అడుగులు. నాలుగు మడతలు పెడితే ఆరు ముప్పావు అడుగుల పొడవు వస్తది, మనిషి నిండ కప్పుకోవచ్చు. పన్నా 45 అంగుళాలు ఉంటది. అది ఒక్క మనిషికి సరిపోతది గని పొర్లేటోళ్ళకు చాలదు. అందుకే రెండు పక్కల నాలుగున్నర అంగుళాల పట్టీ వెయ్యాలె. అప్పుడు 54 అంగుళాలు అయితది, అంటే నాలుగున్నర అడుగులు.

పట్టీకి కొత్త గుడ్డ కొనే పని లేదు. మన ఊరిల స్కూల్ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలు ఎన్ని ఉన్నయో మీకు నేను చెప్పాల్నా? అక్కడ కత్తిరించంగ మిగిలిన చింది కిలో లెక్క అమ్ముతరు. నీలం, ఖాకీ, మెరూన్, గళ్ళది. దేశంల ఎక్కడెక్కడి పిల్లలో తొడుక్కునే యూనిఫారం ముక్కలు మన బొంత అంచుకు ఉంటయి. అయితే అండ్ల చాలా వరకు టెరికాట్. అంచుకు మంచిదే, అరగదు. నడుమకు మాత్రం వెయ్యొద్దు, చెమట పీల్చదు.

నూలుదో కాదో తెలువకపోతే దుకాణపోని మాట నమ్మొద్దు. అంచు నుంచి ఒక పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చుండ్రి. నూలైతే కాయితం కాలిన వాసన వచ్చి బూడిద అయితది. పాలిస్టర్ అయితే కరిగి ముడి కడతది, చల్లారినంక ఆ ముడి వేళ్ళ నడుమ గట్టిగ తగులుతది. కార్ఖానాల పని చేసినోళ్ళకు ఇది ఎరుకే, కోడండ్లకు చెప్పుండ్రి. చిన్నపిల్లల బొంతల పాలిస్టర్ వద్దే వద్దు. పొయ్యి దగ్గర పండబెడతం, నిప్పు తగిలితే అది కరిగి ఒంటికి అతుక్కుంటది.

చాటి గల్లి, మధలా మారుతి దిక్కు పోతే కట్‌పీసులు దొరుకుతయి. నాకు మాత్రం మంగళవారం బజారే నచ్చుతది. బేరం ఆడొచ్చు, గుడ్డ చేతిల పట్టుకొని ఎంతసేపు నిలబడ్డా ఎవరు ఏమనరు. కొత్త గుడ్డ తెస్తే ఒక రాత్రి నీళ్ళల నానబెట్టి ఆరేసినంకనే కత్తెర పెట్టాలె. ఎర్రది, మెరూన్‌ది వేరే బకెట్ల. నూలు గుడ్డ మొదటి ఉతుకుకు కుంచిస్తది. కుట్టినంక కుంచిస్తే బొంత ముడతలు పడి ఎండిన చింతకాయ లెక్క అయితది.

పాత చద్దర్ లోపల పెట్టొచ్చా అని చాలామంది అడుగుతరు. పెట్టొచ్చు గని తడిసినంక పిండేది ఎవరు? ఇద్దరు మనుషులు కావాలె. మన ఊరి ఎండకు అంత మందం అక్కర కూడ లేదు. పిల్లల కింద వేసేటిదైతే నూగు అరిగిన పాత టవల్ ఒకటి లోపల పెట్టుండ్రి, తడి పీల్చుకుంటది. కొత్త టవల్ పెడితే నూగుల సూది చిక్కుతది.

దారం రీలుది కొనను నేను. కోను అడుగుల మిగిలిన నూలు, ఇరవై నంబరు డబుల్ అయితే రెండు పేటలు కలిపి పురిపెట్టి, మైనపుబత్తి మీద ఒక్కసారి గుంజాలె. గుడ్డల నుంచి జారిపోతది, ముడి పడదు. కండెలు చుట్టిన రోజుల నుంచి ఇదే అలవాటు.

ఇగ జాగ. బొంతకు మిషను కంటే ముందు నేల కావాలె. మన ఇండ్లల్ల నేల ఎక్కడిది? ఒక గది, ఒక వంటిల్లు. మంచం కింద సందుగ, సందుగ మీద బీడీ చాట. కుంభారి దగ్గర బీడీ కార్మికులకు 2006ల గోదుతాయి పరుళేకర్ పేరు మీద 10,000 ఇండ్లు ఇచ్చినప్పుడు మా గల్లిల నుంచి పోయినోళ్ళు ఉన్నరు. సొంత ఇల్లయ్యింది, మంచిదే. అక్కడ కూడ బొంత పరిస్తే మనిషి గోడకు ఆనుకొని నడవాలె. అందుకని అందరం గల్లిలనే పరుస్తుంటిమి, మోటర్ సైకిల్ వస్తే మడుస్తుంటిమి.

ఇప్పుడు మాకు ఒక జాగ దొరికింది. ఎట్ల దొరికిందో చెప్పబుద్ధి కాదు. మా ఇంటి ఎదురుంగ కార్ఖానా బందయ్యింది. ఎనిమిది మగ్గాలు భంగార్‌కు పోయినయి, కిలో లెక్క తూకం వేసి తీసుకపోయిండ్రు. ఆ ఇంటి కోడలు "అత్తా, నేల ఖాళీగ ఉన్నది, మధ్యాహ్నం వచ్చి కుట్టుకోండ్రి" అన్నది. నలుగురం పోతం. మగ్గాలు బిగించిన బోల్టులు నేలల నుంచి ఇంకా లేచే ఉన్నయి. బోల్టుకు బోల్టుకు నడుమ బొంత పరుస్తం, నాలుగు దిక్కుల కూసుంటం. చప్పుడు లేకున్నా గట్టిగ అరుసుకుంటనే మాట్లాడుతం. కొత్తగ చూసినోళ్ళు కొట్లాట అనుకుంటరు.

ఆ అరుపులు విన్నడో ఏమో, ఒక సేటు వచ్చిండు. పుణెల బొంతలకు గిరాకీ ఉన్నదట, చేతితో కుట్టినవి కావాలెనట. "గుడ్డ నాది, దారం నాది, మీది ఖాలీ చేతి పని. బొంతకు 350 ఇస్త. పది కుట్టుండ్రి" అన్నడు.

మాల ఒక చెల్లె అప్పుడే ఒప్పుకుంటనన్నది. బీడీల పని వారంల నాలుగు రోజులు కూడ సరిగ్గ దొరుకుతలేదు, బిడ్డ కాలేజీ ఫీజు 15 తారీఖు లోపల కట్టాలె. ఆమె మాట తప్పని నేను అనను. ఖాళీ చేతికి 350 అయినా 350 గద అంటది. పెద్దక్క మాత్రం "ఆగు, లెక్క చూద్దాం" అన్నది.

లెక్క ఇట్ల. బొంత వెడల్పు 54 అంగుళాలు. అంగుళానికి ఒక గీత వేస్తే 54 గీతలు. ఒక్కో గీత 6 అడుగులు, అంటే రెండు గజాలు. మొత్తం 108 గజాల కుట్టు. గడియారం పెట్టుకొని చూసినం, ఒక గీతకు 25 నిమిషాలు పట్టింది. అది కూడ మాటలు బంద్ చేసి కుడితే. 54 గీతలకు ఇరవై రెండున్నర గంటలు. ముక్కలు కత్తిరించుడు, పట్టీ జోడించుడు, మడతలు కదలకుండ కచ్చాకుట్టు వేసుడు, అంచు మడుచుడు, అన్నీ కలిపితే 30 గంటలకు తక్కువ కాదు. 350ని 30తో భాగిస్తే గంటకు 12 రూపాయలు కూడ పడలేదు. అండ్ల చాయ పైసలు మనయే.

నేను కార్ఖానాల కండెలు చుట్టినంక చాన ఏండ్లు ఇంట్ల టవల్ అంచులు కుట్టిన, డజను లెక్క. మన ఊరి చద్దర్‌కు, టెర్రీ టవల్‌కు 2005-06ల సర్కారు జీఐ గుర్తింపు ఇచ్చింది, పేరు పెరిగింది. అంచు మడిచి కుట్టిన ఆడమనిషికి డజను రేటే. మిషను మనది, కరెంటు మనది, సూది విరిగితే మనది. మొదటి ఆమె ఏ రేటుకు ఒప్పుకుందో అదే గల్లి మొత్తానికి రేటు అయ్యింది, మల్ల పెంచమంటే "పక్క గల్లిల ఇంతకే కుడుతున్నరు" అన్నరు. బొంతకు ఇంకా మన గల్లిల రేటు లేదు. ఇప్పుడు మనం అన్నదే రేటు. ఈ మాట నేను చెల్లెకు చెప్పిన. ఆమె కొంచెంసేపు ఏమనలేదు, "మరి ఫీజు?" అన్నది.

నా మనుమరాలు ఫోన్ల ఒకటి చూపించింది. అమెరికాల అలబామా అని ఒక రాష్ట్రం, అక్కడ గీస్ బెండ్ అనే ఊరిల నల్లవాళ్ళ ఆడోళ్ళు, పత్తి చేన్లల పని చేసేటోళ్ళు, చిరిగిన పని బట్టలతోని బొంతలు కుడుతుండిరి. మోకాళ్ళ దగ్గర అరిగిన పాంట్లు కూడ అట్లనే కనిపిస్తయి. 1966ల ఆ ఊరి వాళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు కలిసి బొంతల సహకార సంఘం ఒకటి పెట్టుకున్నరు, ఫ్రీడం క్విల్టింగ్ బీ అని. పెద్ద పెద్ద దుకాణాల ఆర్డర్లు సంఘం పేరు మీద తీసుకున్నరు. అటెనుక 2002ల గీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్ మ్యూజియంల, న్యూయార్క్‌ల గోడలకు కట్టిండ్రు, 2006ల వాళ్ళ పోస్టు బిళ్ళల మీద కూడ అచ్చేసిండ్రు. గోడకు కట్టిన బొంతను ఎవరు కప్పుకుంటరో నాకు సమజ్ కాలేదు గని, సంఘం పేరు మీద ఆర్డర్ తీసుకునుడు మాత్రం సమజ్ అయ్యింది.

సేటు మల్ల వచ్చినప్పుడు పెద్దక్కనే మాట్లాడింది. బొంతకు 900, అంటే గంటకు 30. గుడ్డ ఉతికి ఇయ్యాలె, సగం పైసలు ముందు. సేటు నవ్విండు. "మిషను బొంత 500కు వస్తది, పానిపత్ బ్లాంకెట్ ఇంకా మెత్తగ ఉంటది" అన్నడు. "అయితే అవే కొనుక్కోండ్రి సేటు" అన్నది పెద్దక్క. లేచి పోయిండు. ఆ రాత్రి చెల్లె నాతోని మాట్లాడలేదు.

నాలుగు రోజులకు ఫోన్ చేసిండు. రెండు కుట్టియ్యుండ్రి, నమూనాకు, 700 ఇస్తనన్నడు. గంటకు 23 రూపాయల పైన పడ్డది. మేము అడిగినంత కాదు, ఆయన అన్నదానికి రెండింతలు. ఈ రెండింటికే 700, నమూనా నచ్చితే తర్వాతవి 900 అని చెప్పి ఒప్పుకున్నం. నలుగురం కలిసి కూసుంటే 30 గంటల పని ఒక్కొక్కరికి ఏడున్నర గంటలు, మూడు మధ్యాహ్నాల తెమిలిపోతది. పైసలు పంచుకుంటే తలా 175, చేతిల నిలువవు. అందుకని భిషి లెక్క పెట్టుకున్నం. ఒక బొంత పైసలు మొత్తం ఒక్కరికి, మల్ల బొంతయి ఇంకొకరికి. మొదటిది చెల్లెకు, ఫీజు ఉన్నది కాబట్టి. రెండోది పెద్దక్కకు, కంటి అద్దాలకు. మూడు, నాలుగు వచ్చినప్పుడు చూద్దాం.

సేటు బయానా 700 ఇచ్చిండు, అంటే రెండు బొంతలకు సగం. చెల్లెకు ఇచ్చినం, రసీదు నోటుబుక్కుల రాసి పెట్టినం. పోయిన సోమవారం గుడ్డ మూట కూడ వచ్చింది. చూసేటానికి నూలు లెక్కనే ఉన్నది. పెద్దక్క ఒక పోగు పీకి అగ్గిపుల్ల పెట్టింది, ముడి కట్టింది. మూట మల్ల కట్టి, నూలుది పంపుమని తిరిగి పంపినం. ఇది రాసే వరకు ఇంకా రాలేదు.