షేరు బజారు వివేకమెంత?

షేర్ల ధరలను గూర్చి పండితులలో ప్రసిద్ధమైన సిద్ధాంతమొకటి కలదు. ఒక కంపెనీని గూర్చి లోకమునకు తెలిసినదంతయు దాని షేరు ధరలో అప్పటికే ఇమిడియుండుననియు, కావున తెలిసిన వార్తను పట్టుకొని బజారును మించిన లాభమును నిలకడగా గడించుట దుర్లభమనియు దాని సారము. చికాగో ఆచార్యుడు యూజీన్ ఫామా 1970లో దీనిని సమగ్రముగా వివరించెను. బజారు తరచు వెర్రిపోకడలు పోవునని వాదించిన రాబర్టు షిల్లరును, ఫామాయును 2013లో ఒకే ఆర్థికశాస్త్ర నోబెలు బహుమానమును పంచుకొనిరి. దీనిని చూచి నవ్వినవారు కలరు. మాకు మాత్రము ఇందు నవ్వదగినది కనబడలేదు. ఇరువురి వాదములకును హైదరాబాదు కథయొకటి సాక్ష్యమిచ్చుచున్నది.

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్సు సంస్థ, తన అధ్యక్షుని కుటుంబమునకు సంబంధించిన మేటాస్ కంపెనీలు రెంటిని సుమారు 160 కోట్ల డాలర్లకు కొనదలచినట్లు ప్రకటించెను. ఆ దినముననే న్యూయార్కు బజారులో సత్యం ధర సగమునకు పైగా పడిపోయెను. కొన్ని గంటలలోనే ఆ ప్రతిపాదనను విరమించుకొనవలసి వచ్చెను. వాటాదారుల సొమ్ము ఎటు పోనున్నదో బజారు వెంటనే గ్రహించినది. ఏ న్యాయస్థానమును అంత త్వరగా తీర్పు చెప్పజాలదు.

మూడు వారముల పిమ్మట, 2009 జనవరి 7న, అధ్యక్షుడు రామలింగరాజు స్వయముగా లేఖ వ్రాసి, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. ఒక్కనాడే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా హరించిపోయెను. ఆ దొంగలెక్కలు ఏండ్ల తరబడి పెరిగినవని ఆ లేఖయే చెప్పినది. ఆ ఏండ్లన్నిటను బొంబాయిలో ప్రతిదినమును ఆ షేరునకు ధర కట్టబడుచునే యుండెను. ఆడిటర్లు చేవ్రాలు చేయుచునే యుండిరి. ఉత్తమ నిర్వహణకని 2008లో గోల్డెన్ పీకాక్ బహుమానము సైతము దక్కెను! బజారు చేతిలో త్రాసు కలదు గాని గీటురాయి లేదు. చూపిన లెక్కను చక్కగా తూచును. అది మేలిమియో కాదో గీచి చూడజాలదు.

మరియొక చిక్కు కలదు. ధర సర్వమును ఎరుగునని అందరును నమ్మి కూర్చున్నచో, ఖాతాలు పరిశీలించు శ్రమ ఎవరు పడుదురు? గ్రాస్మను, స్టిగ్లిట్జు అను ఆచార్యులు 1980లో లేవదీసిన ప్రశ్న ఇదియే. శ్రమకు కొంత ప్రతిఫలము దొరకనిదే ధరలోనికి జ్ఞానము చేరదు.

ఇది మన కుటుంబములకు పట్టని చర్చ కాదు. బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను "మనవారి కంపెనీ" యను మాట వినబడగానే మనస్సు పొంగుట సహజము. తరతరములుగా పరభాషల నడుమ బ్రదుకువారికి ఆ పొంగు కొంత హెచ్చు. సాహిత్యసభలలో ఆ అభిమానము శోభించును. పెట్టుబడి విషయమున అది ప్రమాదకరమని మా నిశ్చితాభిప్రాయము. యజమాని భాష తెలిసినంత మాత్రమున అతని ఖాతాలు తెలిసినట్లు కాదు. ఇక బంధువు చెవిలో ఊదిన "లోపలి వార్త" సంగతి: అది నలుగురికి తెలిసినదైనచో ధరలో అప్పటికే చేరియుండును, నిజముగా రహస్యమైనచో దానిపై బేరము చేయుట సెబీ నిబంధనలకు విరుద్ధము.

మన యువకులు సెల్‌ఫోనులలో సాగించు ఫ్యూచర్సు, ఆప్షన్ల బేరములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, అట్టి బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది మూడేండ్లలో నష్టపోయిరి. ఆ నష్టము మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలను మించినది.

షేర్లే వలదని మేము చెప్పుట లేదు. సత్యం ఆనాడు నిఫ్టీ సూచికలోని 50 కంపెనీలలో ఒకటి. ఆ సూచికను అనుసరించు ఫండు కొన్నవాని సొమ్ములో సత్యం పాలు స్వల్పము. మనవారి కంపెనీయని కూతురి పెండ్లికి దాచినదంతయు ఆ యొక్క షేరులో పెట్టినవానికి జనవరి 7 సాయంత్రమునకు మిగిలినది నాలుగవ వంతైనను కాదు.