మామయ్య షెడ్డు: పూతకు ముందు రెండు రోజులు

పిల్లలూ! కిందటి నెల మామయ్య షెడ్డులో సబ్బుబుడగ మీది రంగుల సంగతి చెప్పుకున్నాం. ఈ నెల ఒక నల్లకారు సంగతి. ఇందులో సైన్సు ఉంది, ఒక తప్పు కూడా ఉంది. తప్పు ఎవరిదో మీకే తెలుస్తుంది.

విశాఖపట్నంలో రైలుపట్టాలకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో బాబి, చిట్టి ఉంటారు. బాబి ఏడో తరగతి, చిట్టి అయిదో తరగతి. వాళ్ళ నాన్నగారికి ఒక నల్లకారు ఉంది. దాన్ని వేపచెట్టు కింద నిలబెడతారు. ఆకులూ, పిట్టల రెట్టలూ, రోడ్డు దుమ్మూ, సముద్రపు గాలిలోని ఉప్పూ అన్నీ దానిమీదే.

"దీనికి మీ మామయ్య సెరామిక్ పూత వేస్తాడట. ఇక దీనిమీద తామరాకు మీద లాగా నీళ్ళు జారిపోతాయట," అన్నారు నాన్నగారు. శనివారం పొద్దున్నే కారును షెడ్డుకు తీసుకుపోవాలని అనుకున్నారు.

శుక్రవారం సాయంత్రం బాబికి ఒక ఆలోచన వచ్చింది. కారు శుభ్రంగా ఉంటే మామయ్యకు పని తగ్గుతుంది కదా! వాడు ఒక పాత తువ్వాలు తెచ్చి, నీళ్ళు పెట్టకుండానే బానెట్టు మీది దుమ్మంతా గట్టిగా రుద్ది తుడిచాడు. చీకటి పడుతూ ఉండటంచేత వాడికి ఇంకేమీ కనిపించలేదు.

మర్నాడు షెడ్డులో మామయ్య ఒక చిన్న సీసా చూపించాడు. అది చేతిలో ఇమిడిపోయేటంత ఉంది.

"ఇంతేనా? అయితే గంటలో అయిపోతుంది!" అన్నది చిట్టి.

"పూత వెయ్యటం చిన్నపనే, కోడలా! దానికి ముందు చేసే పనికి రెండు రోజులు పడుతుంది," అన్నాడు మామయ్య. "ఏటి ఇసుకలో ఎక్కువభాగం సిలికా. గాజులో ఉండేదీ ముఖ్యంగా అదే. ఈ సీసాలో ఉన్న మందుకు గాలిలోని తేమ తగిలితే, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు వలలాగా అల్లుకుని గాజువంటి పొర అవుతుంది. ఆ పొర కారు రంగును గట్టిగా పట్టుకుంటుంది. అయితే దానికి మంచీ చెడ్డా తెలియదు. రంగు ఉంటే రంగును పట్టుకుంటుంది, మురికి ఉంటే మురికినే పట్టుకుంటుంది. అడుగున ఏది ఉంటే అది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది."

ఈ మాట విని చిట్టి తల ఊపింది. బాబి బానెట్టు వైపు చూశాడు.

ముందుగా స్నానం. మామయ్య కారును నీడలోకి తోయించాడు. ఎండలో కడిగితే నీళ్ళు గబగబా ఆరిపోయి, వాటిలోని లవణాలు తెల్లని మచ్చలుగా మిగిలిపోతాయి. మొదట కారుకు ఏదీ తగలకుండా గొట్టంతో నీళ్ళు కొట్టి, ఊడివచ్చే దుమ్మునంతా ఊడగొట్టాడు. తరవాత రెండు బకెట్లు పెట్టాడు. ఒక దానిలో సబ్బునీళ్ళు, రెండోదానిలో ఉత్తనీళ్ళు. మెత్తని గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి కారును కొంతమేర తుడిచి, ఉత్తనీళ్ళలో జాడించి, మళ్ళీ సబ్బులో ముంచాడు. ఇసుకరేణువులు రెండో బకెట్టు అడుగుకు చేరాయి. కారు పైకప్పు నుంచి కిందికి కడుగుతూ వచ్చాడు. ఎంచేతనంటే, ఎక్కువ మట్టి ఉండేది కిందనే.

కడిగాక కారు తళతళ మెరిసింది. "ఇప్పుడు శుభ్రమైనట్టేనా?" అన్నాడు మామయ్య. చిట్టి అయిందన్నది. మామయ్య ఆమె చేతికి పల్చని ప్లాస్టిక్ సంచీ తొడిగి, తలుపు మీద మెల్లిగా రాయమన్నాడు.

"అమ్మో! గరుకుకాగితంలాగా ఉంది!" అన్నది చిట్టి.

ఒట్టి చేతికి తెలియని గరుకు సంచీలోని చేతికి తెలిసింది. సంచీ సులువుగా జారటం మూలాన చిన్నచిన్న బొడిపెలు వేళ్ళకు బాగా తెలుస్తాయి.

"ఈ బొడిపెలు ఏమిటో చూడండి," అంటూ మామయ్య చేతికి తొడుగులు వేసుకుని, పిల్లలను దూరంగా నిలబెట్టి, తలుపుల మీద ఒక నీళ్ళమందు చల్లాడు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమన్నది. రెండు మూడు నిమిషాల్లో ఆ మందు అక్కడక్కడ ఊదారంగుకు తిరిగి, ధారలుగా కారసాగింది.

"అది ఇనుము. కార్లు బ్రేకు వేసినప్పుడూ, పట్టాల మీద రైలుచక్రాలు రాసుకున్నప్పుడూ సన్నని ఇనుపరజను లేస్తుంది. అది రంగులో గుచ్చుకుని తుప్పు పడుతుంది. సబ్బుకు ఊడదు. ఈ మందు ఇనుముతో కలిసి ఊదారంగు పదార్థంగా మారి, నీళ్ళతో కొట్టుకుపోతుంది," అన్నాడు మామయ్య.

ఆ పైన కూడా మిగిలిన బంకనూ, తారుమచ్చలనూ ఒక మెత్తని బంకముద్దతో తీశాడు. తడిచేసిన రంగు మీద ఆ ముద్దను మెల్లిగా జరిపితే, మురికి దానికి అంటుకుని వస్తుంది. ముద్ద ఒకసారి చేయిజారి కింద పడింది. మామయ్య దాన్ని తుడిచి వాడతాడేమోనని చిట్టి అనుకున్నది. అతను దాన్ని తీసి చెత్తబుట్టలో వేశాడు. "దీనికి ఒక్క ఇసుకరేణువు అంటుకున్నా కారంతా గీతలే!" అన్నాడు.

మధ్యాహ్నం మామయ్య భోజనానికి వెళ్ళాడు. చిట్టి కూడా వెళ్ళింది. బాబి మాత్రం ఆకలి లేదని ఉండిపోయాడు. అప్పటికే వాడు చూశాడు. బానెట్టు మధ్యన, తువ్వాలు నడిచిన మేర, సన్నని గీతలు! షెడ్డు గోడకు ఉన్న అద్దం పక్కన కొబ్బరినూనె సీసా ఉంది. బాబి నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసి గీతల మీద రుద్దాడు. ఆశ్చర్యం! గీతలు మాయమైనాయి.

మామయ్య తిరిగి వచ్చి, షెడ్డు తలుపులు మూసి, చేతిదీపం వెలిగించి కారును పరీక్ష చేశాడు. తలుపుల మీదా, పైకప్పు మీదా దీపం చుట్టూ సాలెగూడు లాగా గుండ్రని గీతలు కనిపించాయి.

"గుండ్రంగా ఎవరు గీశారు?" అన్నది చిట్టి.

"ఎవరూ గియ్యలేదు. గీతలు అన్నివైపులకూ ఉన్నాయి. దీపానికి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగును మన కంటివైపు తిప్పుతాయి. అందుచేత చుట్టలాగా అనిపిస్తుంది. దీపం జరిపితే చుట్టకూడా జరుగుతుంది, చూడు!"

తరవాత మామయ్య ఒక చిన్న పెట్టెను తలుపుకు ఆనించాడు. అందులో 110 అని అంకె పడింది. ఆ పెట్టె అయస్కాంతబలంతో అడుగున ఉన్న ఉక్కురేకు ఎంత దూరంలో ఉన్నదో పసిగట్టి, రంగు మందం చెబుతుంది. 110 అంటే 110 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను.

"మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ 110లో అస్తరు ఉంది, నల్లరంగు ఉంది, అన్నిటికీ పైన అద్దంలాంటి వార్నిషు పొర ఉంది. ఆ పైపొర 40, 50 మైక్రాన్లే. వెంట్రుక కన్నా పల్చన! గీతలు పోగొట్టాలంటే ఆ పొరనే కాస్త అరగదియ్యాలి. సానపట్టిన ప్రతిసారీ ఒకటి రెండు మైక్రాన్లు తగ్గుతాయి. తగ్గింది మళ్ళీ రాదు. అందుచేత అవసరం లేనిచోట చెయ్యి పెట్టకూడదు."

ఇలా అంటూ మామయ్య బానెట్టు మీదికి దీపం తిప్పాడు. "ఇదేమిటి, ఇక్కడ నున్నగా ఉందే! మంచిదే. ఇక్కడ సానపట్టే పని లేదు."

బాబికి గొంతు ఎండిపోయింది. మాట్లాడకుండా ఉంటే ఎవరికీ తెలియదు. కాని అడుగున ఏది ఉంటే అది ఏళ్ళ తరబడి ఉండిపోతుందన్న మాట వాడి చెవిలో మోగుతూనే ఉంది.

"మామయ్యా! అక్కడ గీతలున్నాయి. నేనే చేశాను. నీ కొబ్బరినూనె కూడా పూశాను," అన్నాడు బాబి, నేలవైపు చూస్తూ.

మామయ్య ఏమీ అనలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, బానెట్టు తుడిచాడు. నూనె పోయింది. గీతలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"గీత అంటే సన్నని కాలువ, అల్లుడూ! దాని అంచుల మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నూనె ఆ కాలువను నింపింది. వెలుగు చెదరటం మానింది. గీత కనిపించటం మానిందిగాని, పోలేదు. పూత వేసే ముందు నేను కారంతా ఈ స్పిరిట్‌తో తుడుస్తాను. కనక ఎలాగూ బయటపడేదే. అయితే అప్పటికి సానపని ముగించి, యంత్రం కూడా కడిగేసి ఉండేవాణ్ణి. నువ్వు చెప్పటంవల్ల నాకు ఒక పూట పని మిగిలింది," అన్నాడు మామయ్య. కొంచెం ఆగి, "నీకూ మంచిదే అయింది. రాత్రికి నిద్ర పడుతుంది," అన్నాడు.

మామయ్య సానమందు తీశాడు. అందులో అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. కెంపూ, నీలమూ కూడా ఈ జాతి రాళ్ళే! యంత్రానికి మెత్తని స్పాంజి తగిలించి మెల్లిగా తిప్పగా గీతలు దాదాపు అన్నీ పోయాయి. ఒక్కటి మాత్రం పోలేదు. దానిమీద గోరు ఆడిస్తే తట్టుకుంటున్నది.

"ఇది లోతైనది. దీన్ని పూర్తిగా తియ్యాలంటే చుట్టూ పొరనంతా పల్చన చెయ్యాలి. ఒక్క గీతకోసం అంత నష్టం దేనికి? ఇది ఇలాగే ఉండనీ," అన్నాడు మామయ్య.

ఆదివారం అద్దాల వంతు. ముందరి అద్దం మీద తెల్లని చుక్కలు ఉన్నాయి. బోరునీళ్ళు ఆరిన చోట కాల్షియం, మెగ్నీషియం లవణాలు మిగిలి ఈ చుక్కలు పడ్డాయి. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ ఈ జాతి లవణమే. పెంకును వెనిగరులో వేస్తే బుడగలు వచ్చి కరుగుతుంది గదా! ఈ చుక్కలు కూడా అటువంటి పులుపుమందుకు చాలావరకు కరిగాయి. మొండివాటిని మామయ్య సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్ళతో కలిపి, నమదా బిళ్ళతో రుద్ది తీశాడు. కళ్ళద్దాలకూ, దుర్భిణి అద్దాలకూ నునుపు తెచ్చేది కూడా ఈ పొడే. వైపరు గీసిన లోతుగీత ఒకటి ఉంటే దాని జోలికి మాత్రం పోలేదు. ఒకేచోట గుంటపడేలా అరగదీస్తే అద్దం అక్కడ కటకంలాగా తయారవుతుంది. తోలేవాడికి రోడ్డు వంకరగా కనిపిస్తుంది. జిడ్డు మిగిలినా ప్రమాదమే. వానరాత్రి ఎదుటి కారు దీపం పడితే అద్దమంతా మసక కమ్ముతుంది.

చివరకు అన్నిటినీ మరొకసారి స్పిరిట్‌తో తుడిచి, మామయ్య సీసా మూత తీశాడు. మందు నాలుగు చుక్కలు స్పాంజి మీద వేసి, కొద్దిమేర నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాశాడు. కాస్సేపట్లో దానిమీద ఇంద్రధనుస్సు రంగులు ఆడాయి.

"సబ్బుబుడగ రంగులు!" అని అరిచింది చిట్టి. అవును, పల్చని పొర కనకనే ఆ రంగులు. మామయ్య వెంటనే మెత్తని గుడ్డతో దాన్ని సమంగా తుడిచేశాడు. ఆలస్యమైతే అట్టలుగా గట్టిపడుతుంది. మిగిలే పూత మందం ఒకటి రెండు మైక్రాన్లే. ఒక రోజు తడి తగలకూడదు, వారం దాకా సబ్బు పెట్టకూడదు.

సీసా మీద '9హెచ్' అని ఉంది. "వజ్రం అంత గట్టిదా?" అని అడిగాడు బాబి.

"కాదురా! మీ డబ్బాలో హెచ్‌బి పెన్సిలు ఉంటుంది చూడు, అదే లెక్క. 9హెచ్ అనే గట్టి పెన్సిలుతో గీసినా గీత పడదని దాని అర్థం. వజ్రానికి 10 అంకె ఇచ్చే కొలత వేరు. దాన్ని 1812లో ఫ్రీడ్రిహ్ మోస్ అనే ఆయన చేశాడు. అందులో ఇసుక 7, గాజు ఇంచుమించు అయిదున్నర. కనక పూత వేశాక కూడా ఇసుక దీన్ని గీకుతుంది. నీళ్ళు పొయ్యకుండా తుడవకూడదు."

"తామరాకు లాగా నీళ్ళు జారతాయా?" అన్నది చిట్టి.

"జారతాయి, కాని తామరాకంత కాదు. తామరాకు మీద మైనమే కాక, కంటికి కనపడని బొడిపెలు కూడా ఉంటాయి. నీటిబొట్టు వాటి కొసల మీద కూర్చుంటుంది. 1997లో బార్త్‌లాట్ అనే జర్మను వృక్షశాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివాడూ దీన్ని వివరంగా రాశారు. మన పూత నున్నని పొర మాత్రమే."

సోమవారం సాయంత్రం నాన్నగారు వచ్చి కారు చూసుకుని ఎంతో సంతోషించారు. బాబి ఆయనను చెయ్యిపట్టుకుని బానెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. "నాన్నా! ఈ గీత నాది," అని జరిగినదంతా చెప్పాడు. నాన్నగారు వంగి, గీత మీద గోరు ఆడించి చూశారు. "ఇకమీద ఆదివారాలు కారు కడగటం నీ పని. రెండు బకెట్లతో," అన్నారు. బాబి సరేనన్నాడు.

పిల్లలూ! మీరు ఇంట్లో ఈ రెండూ చేసి చూడండి. కార్ల మందులు మాత్రం ముట్టుకోకండి, అవి పెద్దవాళ్ళ పని.

ఒకటి: దుమ్ముపట్టిన బల్ల మీద అతుకుటేపు అంటించి లాగండి. బల్లను తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్ళీ అంటించి లాగండి. రెండుసార్లకూ తేడా ఏమిటి? టేపు మొదటిసారి దేన్ని పట్టుకుంది?

రెండు: బాగా వాడిన స్టీలు పళ్ళేన్ని దీపం కింద పట్టుకోండి. దీపం బింబం చుట్టూ గుండ్రని గీతలు కనిపిస్తాయి. పళ్ళేన్ని అటూ ఇటూ జరపండి. చుట్ట పళ్ళెంతో జరుగుతుందా, దీపం బింబంతోనే ఉంటుందా? తరవాత ఒకచోట ఒక్క చుక్క నూనె రాసి చూడండి. ఏమైంది? ఎందుకైంది? అమ్మానాన్నలకు మీరే చెప్పండి.