ఖాళీ గదిలోకి ముందుగా వెళ్ళేది ఎవరు?

కోవిడ్ వచ్చిన 2020 నుంచి రెండు రకాల యంత్రాలు ఆసుపత్రి వార్డుల్లోకి, హోటళ్ళలోకి, ఇళ్ళలోకి కూడా జొరబడ్డాయి. ఒకటి అతినీలలోహిత కిరణాల దీపం, రెండోది ఓజోన్ యంత్రం. ఇవి క్రిములను చంపుతాయా అంటే, తగిన మోతాదులో చంపుతాయి. ఆ మోతాదు మనిషిని ఏం చేస్తుంది, ఆ మనిషి ఎవరు అన్నవే మన ప్రశ్నలు.

ఆకాశంలో ఎత్తున ఉండి మనల్ని కాపాడే ఓజోన్, ముక్కు దాకా వస్తే ఊపిరితిత్తులను ఒరిపిస్తుంది. దగ్గు, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. ఆరోగ్య ప్రమాణాలకు లోబడిన మోతాదులో ఓజోన్ గదిగాలిని శుభ్రపరచగలిగేది బహు స్వల్పమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. అంటే మనుషులుండగా నడిపే ఓజోన్ యంత్రం పనికిరానిదైనా అయ్యుండాలి, హాని చేసేదైనా అయ్యుండాలి. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఎనిమిది గంటల పనికి కోటి పాళ్ళ గాలిలో ఒక పాలు ఓజోన్‌ను హద్దుగా పెట్టింది. కానీ ఆసుపత్రి వార్డు ఫ్యాక్టరీ కాదు, అపార్ట్‌మెంటు అసలే కాదు. పైగా నిమ్మ, పైన్ వాసనల ద్రావకంతో తుడిచిన గదిలో ఓజోన్ వదిలితే, ఆ వాసన పదార్థాలతో కలిసి ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. తుడిచేది ఎవరో వేరే చెప్పాలా?

అతినీలలోహిత దీపం సంగతి మరీ విచిత్రం. తగిలేటప్పుడు నొప్పి తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు, వెలుతురు చూడలేకపోవడం. వెల్డింగ్ పనివాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. పగలు డ్యూటీలో ఆయాకు తగిలింది రాత్రి ఇంట్లో, పొయ్యి దగ్గర బయటపడుతుంది. అప్పుడిక అది పనిలో జరిగిన ప్రమాదం కాదు, ఆమెకొచ్చిన కళ్ళకలక! కాంట్రాక్టరు పుస్తకంలో దానికి చోటుండదు. మర్నాడు రాకపోతే నాగా మాత్రం పడుతుంది.

క్షయ రోగుల వార్డుల్లో మనుషుల తలలకు పైన, కప్పు దగ్గర మాత్రమే కిరణాలు ప్రసరించేలా దీపాలు బిగించే పద్ధతి ఉంది. సరిగ్గా బిగిస్తే అది మేలే, దానితో నాకు తగాదా లేదు. 2020 మేలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రకటించిన 'యూవీ బ్లాస్టర్' కూడా గది తలుపు తెరిస్తే ఆగిపోయేలా తయారైందే. ప్రమాదం చేసేవాళ్ళకు తెలుసు, కొనేవాళ్ళకూ చెబుతారు. గది ఊడ్చే మనిషికే ఎవరూ చెప్పరు. ఇక పిల్లల ఆరోగ్యం పేరు చెప్పి తల్లులను బెదరగొట్టి ఇలాంటివి కొనిపించడం వ్యాపారులకు పాత విద్యే.

మనుషులపై రసాయనాలు చల్లడాన్ని, కృత్రిమ అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేయడాన్ని నిషేధించడమో నియంత్రించడమో చేసేలా ఆదేశాలివ్వాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 5న కేంద్రానికి చెప్పింది. మంచిదే. అయితే అక్కడ చర్చంతా సొరంగాల్లోంచి నడిపించిన జనం గురించి. ఖాళీ అనుకున్న గదిలోకి చీపురుతో వెళ్ళే స్త్రీ ఆ లెక్కలోకి రాలేదు.

ఇలాంటి యంత్రం కొనే ప్రతి ఆసుపత్రీ స్విచ్ గది బయట పెట్టాలి. తలుపు తీస్తే దీపం ఆరిపోవాలి. ఓజోన్ వాడితే గది పూర్తిగా గాలాడాకే లోపలికి పంపాలి. హెచ్చరిక బోర్డు తెలుగులో ఉండాలి, చదవడం రానివాళ్ళకు నోటితో చెప్పాలి. రాత్రి మొదలైన కంటి మంటను పనిలో కలిగిన గాయంగా రిజిస్టర్లో రాసి, ఆ రోజు కూలి ఇవ్వాలి.