నొప్పిని నమ్మండి.. సూదిని కాదు

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో మేం రోజూ ఎక్కువగా వినే మాట ‘నొప్పి’. నడుం పట్టేసిందని ఒకరు, మోకాళ్లు పీకేస్తున్నాయని ఇంకొకరు, మెడ దగ్గర నుంచి చేతిలోకి లాగేస్తోందని మరొకరు. ఆ వెంటనే వచ్చే రెండో మాట కూడా దాదాపు ఒకటే.. ‘ఒక సూది వేసేయండి డాక్టర్‌గారూ, పనిలోకి పోవాలి’. అమలాపురం, రాజోలు, కొత్తపేట.. ఎక్కడైనా ఇదే తీరు. ఆసుపత్రి దాకా రాలేనివారు మందుల షాపులో రెండు మాత్రలు అడిగి తెచ్చుకుంటారు. లేదంటే ఊళ్లోనే సూది వేయించుకుంటారు. సాయంత్రానికి హాయిగా ఉంటుంది. నాలుగు రోజులకు నొప్పి మళ్లీ మొదలవుతుంది. మళ్లీ సూది.

ఇంకోవైపు ఇదే నొప్పిని ఇంట్లోవాళ్లు నమ్మని సందర్భాలూ చూస్తుంటాం. ఎక్స్‌రేలో, స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు అనగానే ‘ఏమీ లేదంటున్నారుగా, అంతా నీ అనుమానమే’ అంటూ కోడలినో, ముసలి తల్లినో కసురుకుంటారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. నొప్పి అనేది దెబ్బ తిన్నచోటే పుడుతుందని, దెబ్బ ఎంతో నొప్పీ అంతేనని మనం అనుకుంటాం. శాస్త్రం చెబుతున్నది వేరు. దెబ్బ తగిలేది ఒంటికి. దాన్ని నొప్పిగా మార్చాలా వద్దా, మారిస్తే ఎంత అన్నది తేల్చేది మాత్రం మెదడు.

ప్రభ మోసిన భుజం

దీనికి ఉదాహరణ మన కోనసీమలోనే ఏటా కనిపిస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలి వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువ దాటాలి. అంత బరువును భుజాల మీద పెట్టుకుని పచ్చని వరిచేలలోంచి, బురదలోంచి, మొలలోతు నీళ్లలోంచి యువకులు పరుగులాంటి నడకతో తీసుకొస్తారు. భుజం ఒరుసుకుపోయినా, కాలికి ముల్లు దిగినా అప్పుడు తెలియదు. ‘ఒళ్లు హూనమైంది’ అని మూలిగేది ముక్కనుమ నాడే. గాయం ముందు రోజుదే, నొప్పి మాత్రం మర్నాటిది!

ఇది భక్తి మహిమ అని కొందరంటారు, కుర్రతనమని మరికొందరంటారు. వైద్యశాస్త్రం కూడా ఇలాంటివాటిని నమోదు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఆంజియో దగ్గర తీవ్రంగా గాయపడిన సైనికుల్లో చాలామంది మార్ఫిన్ వద్దన్నారని అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్ రాశారు. ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట వాళ్ల నొప్పిని తగ్గించిందని ఆయన భావించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పడవ పందేల జట్టును పరీక్షించినప్పుడు, ఒంటరిగా తెడ్డు వేసినప్పటికంటే అందరూ కలిసి వేసినప్పుడు వారి నొప్పిని తట్టుకునే శక్తి ఎక్కువగా పెరిగింది. శ్రమ రెండుసార్లూ ఒకటే.

దీనికి పూర్తిగా తిరగబడ్డ సంఘటన 1995లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఒక భవన నిర్మాణ కార్మికుడు 15 సెంటీమీటర్ల మేకు మీదకు దూకాడు. మేకు బూటులోంచి పైకి వచ్చేసింది. కదిలిస్తే చాలు కేకలు. మత్తుమందు ఇచ్చి బూటు విప్పి చూస్తే మేకు వేళ్ల సందులోంచి వెళ్లింది, పాదానికి గీత కూడా పడలేదు. అతను నాటకమాడలేదు. కళ్లు చూసిన దాన్ని బట్టి మెదడు ప్రమాదం ఉందని తేల్చింది, నొప్పిని తయారుచేసింది. ఆ నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం.

కాలువ లాకుల్లాంటి ఏర్పాటు

అసలు లోపల జరిగేదేమిటి? చర్మం, కండరాలు, కీళ్లలో ప్రమాదాన్ని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. కణం చితికితే దానిలోని రసాయనాలు బయటికి చిమ్మి ఈ కొసలను తట్టి లేపుతాయి. అందులో ఒకటి ఏటీపీ. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో గుర్తించిన పదార్థమే అది. కణానికి శక్తినిచ్చే ఆ ఏటీపీయే కణం పగిలినప్పుడు ప్రమాద సంకేతంగా కూడా పనిచేస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఈ కబురు రెండు రకాల నరాల్లో ప్రయాణిస్తుంది. ఒకటి సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో వెళ్తుంది. రెండోది సెకనుకు సుమారు ఒక మీటరే. గడపకు కాలివేలు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమని, ఒక్క క్షణం ఆగి సలుపు మొదలయ్యేది ఇందుకే.

రెండు కబుర్లూ వెన్నుపాము దగ్గర ఆగుతాయి. కాలువ మీద లాకులు ఉన్నట్టే ఇక్కడ తలుపులు ఉంటాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. స్పర్శను తెచ్చే నరాలు ఈ తలుపులను కొంత మూయగలవు. దెబ్బ తగిలిన పిల్లాడి మోకాలిని అమ్మమ్మ రుద్దితే ఏడుపు తగ్గడం వెనక ఉన్నది ఇదే. ఇంకో అధికారం పైనుంచి వస్తుంది. మెదడు మధ్యభాగం నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి ఒకటుంది. భద్రంగా ఉన్నామనిపిస్తే మెదడు ఈ దారిలో తలుపులు మూయిస్తుంది. భయం, దిగులు, నిద్రలేమి, ఒంటరితనం ఉంటే మరింత తెరిపిస్తుంది.

తలుపులు మూయడానికి మెదడు వాడే మందు మన ఒంట్లోనే తయారవుతుంది. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ దీన్ని కనుగొన్నారు. నల్లమందు ఏ తాళాల్లో దూరుతుందో సరిగ్గా ఆ తాళాల్లోనే ఇదీ దూరుతుంది. 1978లో అమెరికాలో జ్ఞానదంతం తీయించుకున్నవారికి అసలు మందు లేని సూది ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గింది. ఆ తాళాలను మూసేసే మందు ఇవ్వగానే నొప్పి మళ్లీ పెరిగింది. అంటే నమ్మకం కూడా ఒంట్లో నిజమైన మందును విడుదల చేయిస్తుందన్నమాట. ఊళ్లో వేయించుకునే సూదితో వచ్చే హాయిలో కొంత మందుది, కొంత ఈ నమ్మకానిది.

ఆవకాయ, పూతరేకు చెప్పే సంగతి

నొప్పిని తగ్గించే ఈ రసాయనాలే సుఖానికీ తోడ్పడతాయి. ఆవకాయ అన్నమే చూడండి. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తాకుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుకకు అది నిప్పే. కానీ కాలలేదని మెదడుకు తెలుసు కాబట్టి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా ఇంకో ముద్ద కలుపుకుంటాం. పసిబిడ్డకు టీకా వేసేటప్పుడు తల్లి పాలు పడితే ఏడుపు తగ్గేదీ ఇలాంటి కారణాల వల్లే. తీపి, తల్లి ఒడి, వెచ్చదనం కలిసి లాకులు మూస్తాయి. టీకా వేయిస్తూ పాలు పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

అయితే సుఖంలో ఒక మెలిక ఉంది. ‘కావాలి’ అనిపించడం వేరు, ‘బాగుంది’ అనిపించడం వేరు. మొదటిదానికి డోపమైన్ ముఖ్యం, రెండోదానికి లోపలి నల్లమందు లాంటి రసాయనాలు ముఖ్యం. ఆత్రేయపురం పూతరేకు మొదటిది తిన్నప్పటి ఆనందం నాలుగోదానికి ఉండదు. చెయ్యి మాత్రం ఐదోదాని మీదకు పోతుంది. ఒళ్లు నొప్పులు మరిచిపోవడానికని రోజూ మందు తాగేవారిలో జరిగేదీ ఇదే. ‘బాగుంది’ తగ్గిపోతుంది, ‘కావాలి’ పెరిగిపోతుంది. తాగనిరోజు నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

కాపలాదారు నిద్రపోతే.. పిచ్చెత్తితే..

నొప్పి శత్రువు కాదు, కాపలాదారు. ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో షుగర్ రోగుల పాదాలు చెబుతాయి. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేక నరాలు మొద్దుబారితే చేలో గుచ్చుకున్న ముల్లు, మధ్యాహ్నం గుడి ప్రదక్షిణలో కాలిన అరికాలు తెలియవు. వాసన వచ్చాక చూసుకుంటారు. అప్పటికి వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. వీరిలో కొందరికి గుండెపోటు కూడా నొప్పి లేకుండానే, చెమట, ఆయాసంతో వస్తుంది. షుగర్ ఉన్నవారు రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లు చూడాలి.

రెండోది, కాపలాదారు అతిగా అరవడం. నొప్పి మూడు నెలలు దాటి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. గాయం మానినా నరాలు, మెదడు అతి జాగ్రత్తకు అలవాటు పడతాయి. చిన్న కదలికకే పెద్ద నొప్పి. ఇలాంటప్పుడు స్కానింగ్ చీటీ భయాన్ని ఇంకా పెంచుతుంది. నడుంనొప్పి అసలు లేనివారి స్కాన్‌లను సమీక్షించి 2015లో ప్రచురించిన పరిశీలనలో, 20 ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. కాబట్టి ‘డిస్కు అరిగింది’ అన్న ముక్క చూసి మంచం ఎక్కాల్సిన పని లేదు. స్కాన్‌లో ఏమీ లేదని నొప్పి లేదనడమూ తప్పే.

సూది వెనక బిల్లు

మరి సూదితో ఇబ్బందేమిటి? దెబ్బ తిన్నచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు నరాల కొసలను చురుగ్గా చేస్తాయి. ఆస్పిరిన్ వీటి తయారీని ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివీ అదే పని చేస్తాయి. అయితే ఇదే రసాయనం కడుపులోపలి పొరను కాపాడుతుంది, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూస్తుంది. నొప్పితోపాటు ఈ కాపుదలా పోతుంది. మండుటెండలో చెమటోడ్చే కొబ్బరి దింపు, ఒలుపు కార్మికులు, కోతల్లో వంగి పనిచేసే మహిళలు నీళ్లు తక్కువ తాగి ఈ మాత్రలు వేసుకుంటే మూత్రపిండాల మీద భారం రెట్టింపవుతుంది. బీపీ, షుగర్ తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. సూదిలో స్టెరాయిడ్ కూడా కలిస్తే తాత్కాలికంగా అద్భుతంగా ఉంటుంది. పోనుపోను ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి.

ఈ మందులు చెడ్డవని కాదు. బెణికినప్పుడు, పంటి నొప్పికి, నాలుగైదు రోజులు, తిన్న తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మేలే చేస్తాయి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు మాత్రం అడగకుండా వాడకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో అసలు ముట్టుకోకూడదు. నెలల తరబడి వాడుతున్నవారు ఒకసారి బీపీ చూపించుకుని క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

అదే సమయంలో, బలమైన మందు అవసరమైన చోట భయపడటం అన్యాయం. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి మార్ఫిన్ ఇస్తామంటే ‘అలవాటైపోతుందేమో’ అని కుటుంబాలు వెనకాడతాయి. వైద్యుల పర్యవేక్షణలో, నొప్పికి తగ్గ మోతాదులో వాడితే ఆ భయం చాలావరకు అక్కర్లేదు. ఈ మందు ఆసుపత్రులకు తేలిగ్గా అందేలా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లోనే సవరించారు. నల్లమందు సాగును చట్టబద్ధంగా చేసే దేశంలో క్యాన్సర్ రోగి నొప్పితో చనిపోవడం సిగ్గుచేటు.

మీ మాటలే మాకు ఆనవాళ్లు

నొప్పిని చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు మందుల పుస్తకంలో లేవు. ‘మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు’ అంటే నరాల వైపు చూస్తాం. ‘మెలిపెట్టినట్టు’ అంటే పేగులో, మూత్రనాళంలో రాయో గుర్తొస్తుంది. ‘పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోతున్నాయి’ అంటే కీళ్లవాతం ఆలోచిస్తాం. ‘గుండె మీద బండ పెట్టినట్టు’ అంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయం. కాబట్టి ‘నొప్పి’ అని ఊరుకోకుండా ఎలా ఉంది, ఎప్పుడు పెరుగుతుంది, నిద్ర పడుతోందా అన్నవీ చెప్పండి. ఎడమ చేతికి, దవడకు పాకే ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి వచ్చిన భరించలేని తలనొప్పి, మూత్రం మీద అదుపు తప్పడంతో కూడిన నడుంనొప్పి, జ్వరం లేదా బరువు తగ్గడంతో వచ్చే నొప్పి.. వీటికి ఇంటి చిట్కాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి రండి.

మిగతా పాతనొప్పులకు లాకులు మూసే పనులున్నాయి. పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచే నడక, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు, వేళకు నిద్ర, నలుగురితో కలిసి ఉండటం. ఇవి సూదిలా సాయంత్రానికి పనిచేయవు. వారాలు పడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ల తోడు కావాలి. ‘నీకేం లేదు’ అనే బదులు ‘పద, గట్టు మీద కాసేపు నడిచొద్దాం’ అంటే అదీ వైద్యంలో భాగమే.

ప్రభుత్వాన్నీ ఒక మాట అడగాలి. బీపీ, షుగర్ కోసం ప్రత్యేకంగా చూస్తున్నట్టే నొప్పి కోసమూ ఏరియా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక పూట కేటాయించాలి. అక్కడ ఒక వైద్యుడు, ఒక ఫిజియోథెరపిస్టు, రోగి చెప్పేది వినే ఒక కౌన్సెలర్ ఉంటే చాలు. దానికి కొత్త భవనం అక్కర్లేదు. ఆ ఏర్పాటు వస్తే, అప్పుడు ‘ఒక సూది వేసేయండి’ అన్నవారికి మేం చీటీ మీద రాసివ్వడానికి మరో దారి ఉంటుంది.